టీకాకు ఎండాకాలం పరీక్ష

పశువుల జ్వరానికి కొత్త టీకా ఒకటి తయారైంది. దాన్ని దేశమంతటా వెయ్యవచ్చో లేదో తేల్చి చెప్పమని ప్రభుత్వం ముగ్గురితో ఒక సలహా సంఘం వేసి, పెద్ద డాక్టరమ్మను దానికి అధ్యక్షురాలిని చేసింది. ఆవిడ ముప్ఫై ఆరేళ్లు పశువైద్య పరిశోధనలో తలమునకలై, రిటైరై, ఇక హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుందామనుకున్న మనిషి. ఇటు ప్రభుత్వ కొలువు, అటు కంపెనీ వాటా రెండూ లేని మనిషి కావాలని ఏరికోరి పిలిచారు.

నాలుగు నెలలు కాగితాలతో కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, టీకా మంచిదే. కానీ పరీక్షలన్నీ చలికాలంలోనే, ఒక్క డోసుతోనే చేశారు. జ్వరం విరుచుకుపడేదేమో ఎండాకాలంలో. మరో వేసవి పరీక్షించాకే దేశమంతా వెయ్యాలని సంఘం రాసింది. ఈలోగా ఎన్ని పశువులు పోవచ్చో అంచనా వేసి, ఆ సంఖ్యను కూడా డాక్టరమ్మే తన చేత్తో నివేదికలో చేర్చింది. అది రాసిన రోజు ఆవిడకు అన్నం సయించలేదు.

పశుసంవర్ధక శాఖ కార్యదర్శి ఆవిడను పిలిపించాడు. ఆయన బల్ల మీద ఫైళ్లు గోడ కట్టినట్టున్నాయి.

"మేడమ్, పదకొండో పేజీలో ఆ ఒక్క వాక్యమే గొంతులో ముల్లులా ఉంది. 'పరీక్షించాలి' అన్నచోట 'వీలైతే పరీక్షించవచ్చు' అందామా?"

"వీలుకాలేదని తర్వాత మీరే అంటారు కదండీ."

ఆయన నవ్వాడు. నిన్నో మొన్నో నిద్రపోయిన మొహం కాదది. "మంత్రిగారు ఈ ఏడాదే వేస్తామని సభలో మాటిచ్చేశారు. అది నా పీకల మీదికొచ్చింది. పరీక్షకు డబ్బు కావాలంటే టీకాల కొనుగోలులోంచే తియ్యాలి."

"తీయండి. పనిచెయ్యని టీకా ఒకసారి వేశారంటే, రేపు పనిచేసేది తెచ్చినా రైతు కొట్టం తలుపు తియ్యడు. సలహా అడిగారు, చెప్పాను. వినడం, మానడం మీ ఇష్టం. వాక్యం మాత్రం మార్చను."

సంఘం సలహా పేపర్లో పడ్డ రోజు పొద్దున్నే డాక్టరమ్మకు వాళ్ల అన్నయ్య ఫోన్ చేశాడు. ఊరి బయట ఆయనకు చిన్న పాడి కొట్టం ఉంది. కిందటి వేసవిలో రెండు ఆవులు పోయి, నాలుగు మిగిలాయి.

"ఏమ్మా, టీకా వద్దన్నావట?"

"వద్దనలేదు అన్నయ్యా. ఇంకో వేసవి చూద్దామన్నాను."

"ఆ వేసవిలో చచ్చేవి నీ ఆవులా, నా ఆవులా?"



సలహా సంఘం నివేదికను ఉన్నదున్నట్టు బయటపెట్టాలని నిబంధన ఉంది. అందరూ చదివిన ఆ వాక్యాన్ని కాదని కొనుగోలు కాగితాల మీద సంతకం పెట్టడానికి ఏ అధికారికీ చెయ్యి రాలేదు. నెల తిరిగేసరికి కొనుగోలు డబ్బులో కొంత పరిశోధనకు మళ్లింది. మూడు జిల్లాల్లో పరీక్ష మొదలైంది. కొన్ని కొట్టాలకు ఒక డోసు, కొన్నిటికి రెండు, పోల్చి చూడటానికి కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించారు. అన్నయ్య కూడా పేరిచ్చాడు.

"నాకేది వచ్చిందో కాస్త చెప్పవే."

"నాకూ తెలీదు అన్నయ్యా. తెలియకూడదు."

"మరి అధ్యక్షురాలివి ఎందుకమ్మా, కుర్చీ వెచ్చగా ఉంచడానికా?"

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆయన, "నల్లది పోయింది," అని ఫోన్ పెట్టేశాడు. ఆవిడ బస్సెక్కి వెళ్లింది. ఆయన కూర్చోమనలేదు. ఖాళీ గుంజ పక్కన కాసేపు నిలబడి, వచ్చిన దారినే తిరిగి వెళ్లింది.

వానలు పడ్డాక లెక్కలు విప్పారు. ఒక్క డోసు ఎండల్లో సగం పశువులనే కాపాడింది. రెండు డోసులు పడ్డవి దాదాపు అన్నీ నిలదొక్కుకున్నాయి. ఇకపై దేశమంతటా రెండు డోసులని మంత్రి తన ముందుచూపుగా ప్రకటించాడు. సంఘాన్ని రద్దు చేస్తూ డాక్టరమ్మకు మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది. తర్వాత వేసిన సంఘంలో ఆవిడ పేరు లేదు. ఆవిడకు కోపమూ రాలేదు, గర్వమూ కలగలేదు. ఒళ్లు మాత్రం బండరాయిలా బరువెక్కింది.

అన్నయ్యకు తనే చెప్పాలని మళ్లీ వెళ్లింది. ఆయన పాల బకెట్లు కడుగుతున్నాడు.

"నీకు వచ్చింది ఉప్పునీళ్లు అన్నయ్యా."

ఆయన చెయ్యి ఆగింది. "ముందే అందరికీ టీకా వేసుంటే నల్లది బతికేదా?"

"బతికుండొచ్చు, పోయుండొచ్చు. ఒక్క డోసే వేసేవాళ్లు కాబట్టి సగం సగం."

"ఇంత చదివీ చెప్పేది ఇంతేనా?"

"ఇంతే అన్నయ్యా."

ఆయన ఒక బకెట్ బోర్లించి ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ కూర్చుంది.

"మిగిలిన మూడింటికీ ఎప్పుడు వేస్తారు?"

"మంగళవారం."

"నువ్వూ రా. ఎర్రది సూది చూస్తే తంతుంది. నా ఒక్కడి వల్ల కాదు."

వస్తానంది.