కుడితి కేకకు ముందు యాడ్

పెద్ద టీవీ మా ఇంటికొచ్చిన రోజు నుంచే నాకూ దానికీ పడలేదు. స్విచ్చి వేస్తే బొమ్మ రావాలి, టీవీ అంటే అంతేగా? ఇది అలా కాదు. వేయగానే ముందు ఎవరో పిల్ల వచ్చి చెవిపోగులు చూపిస్తుంది. ఆవిడ పోయాక ఒకాయన నవ్వుతూ వచ్చి అప్పు కావాలా అని అడుగుతాడు. టీవీ మాది, కరెంటు మాది, గోడ మాది. వీళ్ళు మాత్రం అద్దె కట్టకుండా మా వసారాలో కాపురం పెట్టేశారు.

"యాడ్లు రాకూడదంటే నెలనెలా డబ్బులు కట్టాలమ్మా" అంది మా అమ్మాయి ఆరాధన. గుంటూరులో డిగ్రీ చదువుతోంది.

"కొన్నాక మళ్ళీ కట్టడమేంటే? రేపు బిందె కొంటే, నీళ్ళు పట్టినప్పుడల్లా కొట్టువాడికి డబ్బులివ్వాలా?" అన్నాను. అది నవ్వేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అయినా ఆ టీవీని భరించానంటే దానికి కారణం మా ఎడ్లు. మా ఆయన జయరావుకు బండలాగుడు పందేలంటే పిచ్చి. ఆ పందేలను ఇప్పుడు ఫోన్లలో, టీవీల్లో లైవ్ ఇస్తున్నారు. మాకొక ఒంగోలు జత ఉంది. పేర్లు సమ్సోను, దావీదు. ఎద్దులకు బైబిల్ పేర్లేంటమ్మా అని పాస్టరుగారు ఒకసారి మెత్తగా మందలించారు. ముందు వాటి మెడలు చూసి మాట్లాడండి అన్నాను. చూశాక ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

దావీదు బుద్ధిమంతుడు. సమ్సోనుతోనే చిక్కంతా. వాడికి బలం కొండంత, మొండితనం అంతకు రెండింతలు. బండ లాగుతూ లాగుతూ సగం దూరం పోయాక ఉన్నట్టుండి ఆగిపోతాడు. అరిచినా, ఈలలు వేసినా, చెర్నాకోల ఝళిపించినా చెవి కూడా ఆడించడు. నా గొంతు వినపడితేనే కదులుతాడు. రోజూ సాయంత్రం తొట్టిలో తవుడు కలిపి, పెరట్లోంచి "ఒరేయ్ సమ్సోనూ, కుడితి పోశాన్రా, రారా నాయనా!" అని కేకేస్తాను. పొలంలో ఏ మూలనున్నా పరుగెత్తుకొస్తాడు. అందుకని ప్రతి పందేనికీ నేను వెళ్ళి, గీత అవతల నిలబడి ఆ కేకే వేసేదాన్ని. మగాళ్ళు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ, నాకేం? మా వాడు కదిలేవాడు, అది చాలు.

ఈ ఏడు కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తుంటే పరదా మీద కాలు జారింది. ఎముక విరిగింది. పిండికట్టు వేసి మంచానికి అంకితం చేశారు నన్ను. నేను లేకుండా వెళ్ళిన రెండు పందేల్లోనూ సమ్సోను నడిమధ్య నిలబడిపోయాడు. జనం గేలి చేశారు. మా ఆయన తల దించుకుని ఇంటికొచ్చాడు. ఆ అదను చూసి మార్టూరు ఆసామి రాఘవ, ఆ జతను నాకిచ్చెయ్ అని కబురు పెట్టాడు.

"తిరునాళ్ల పందెంలో కూడా ఆగాడంటే అక్కడికక్కడే పలుపు రాఘవ చేతిలో పెట్టేస్తా. ఇంక నా వల్ల కాదు కుమారీ" అన్నాడు మా ఆయన.

ఆయన మాటంటే మాటే. నాకు అన్నం సయించలేదు. పాలు తాగే వయసు నుంచి నా చేత్తో పెంచినవాళ్ళు. కొట్టం వైపు చూస్తే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"అమ్మా, నువ్వు వెళ్ళలేకపోతేనేం, నీ కేక వెళ్తుంది" అంది ఆరాధన. నా ఫోన్ తీసి, కాలు స్టూలు మీద పెట్టించి, కానీమంది. నేను వేసిన కేకకు కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఆ రికార్డును ఒక చిన్న స్పీకరు డబ్బాకు కలిపి కొట్టంలో వినిపించింది. అంతే! సమ్సోను గుంజ పెకలించుకుని నేరుగా తొట్టి దగ్గరకొచ్చాడు. అది ఖాళీగా ఉందని నా వైపు ఎంత కోపంగా చూశాడో! మేమందరం కడుపులు పట్టుకుని నవ్వాం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈలోగా ఫోన్, నాలో చోటు నిండిపోయింది, ఇంకా కావాలంటే కొనుక్కో అంది. ఫోన్ కొన్నాక ఫోన్‌లో చోటు కూడా కొనుక్కోవాలట! ఆరాధనకు పౌరుషమొచ్చింది. "మనమేం కొనం" అని ఆ కేకను తీసుకెళ్ళి అందరూ వీడియోలు పెట్టే యాప్‌లో పెట్టేసి, ఫోన్‌లోంచి తీసేసింది. "నాన్న ఇక్కడ నొక్కితే చాలు" అంది. సరేననుకున్నాం. మా తెలివి అక్కడే తెల్లారింది.

తిరునాళ్ల పందెం సింగరాయకొండ అవతల ఒక ఊళ్ళో. మా ఆయన నా ఫోన్ తీసుకుని, స్పీకరు డబ్బా మెడలో వేసుకుని జతతో వెళ్ళాడు. ఇక్కడ మా వసారాలో టీవీ ముందు వీధి వీధంతా చేరింది. టీవీకి నెట్ ఆరాధన ఫోన్‌లోంచే వస్తోంది, అందుకని దాన్ని కదపడానికి లేదు. పక్కింటి సర్దార్‌బీ అత్త నా మంచం పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. అక్కడ మైకులో చెప్తున్నది మా ఊరి బడి పంతులు రామకాంత్ మాస్టారు. "అదిగో వస్తోంది జయరావుగారి జత!" అని ఆయన అనగానే మా వసారా ఈలలతో దద్దరిల్లింది.

ఏం లాగారమ్మా! దుమ్ము రేగిపోయింది. దావీదు భుజం, సమ్సోను భుజం ఒక్కటైపోయాయి. మా ఆయన పక్కనే పరుగు. ఒకసారి అటు చివరిదాకా పోయి తిరిగి వస్తున్నారు. సగం దూరం వచ్చారో లేదో, సమ్సోను ఆగిపోయాడు.

మైదానం చివర తాడు దగ్గర రాఘవ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పలుపు అందుకోవడానికే వచ్చాడని నాకు తెలుసు. మా ఆయన మాత్రం కంగారు పడలేదు. ఫోన్ తీసి దర్జాగా నొక్కాడు. మెడలో డబ్బా పలికింది.

"మీ జుట్టు రాలిపోతోందా?"

మైదానమంతా గొల్లుమంది. సమ్సోను తల తిప్పి మా ఆయన బట్టతలను తేరిపార చూశాడు. ఆయన మళ్ళీ నొక్కాడు. "వారం రోజుల్లో ఒత్తైన, నల్లని..." అంటూ యాడ్‌లో ఆవిడ అందుకుంది. ఆయన ఫోన్‌ను అరచేత్తో కొడుతున్నాడు, ఊదుతున్నాడు, ప్యాంటుకు రుద్దుతున్నాడు.

"యాడ్ దాటెయ్యి నాన్నా! పక్కన నొక్కు!" అని ఆరాధన టీవీ మీద పడి అరిచింది. సరిగ్గా అప్పుడే టీవీలో మైదానం మాయమైంది. ఒక కుర్రాడు మామిడిపండు రసం తాగుతూ వానలో డాన్సు మొదలుపెట్టాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, కట్టు కట్టిన కాలిది కూడా. "ఓరి మీ దుంప తెగ! నా బిడ్డలు పోతుంటే రసం తాగమంటార్రా!" అని రిమోట్ ఎత్తాను. సర్దార్‌బీ అత్త నా చెయ్యి పట్టుకుంది. "టీవీని కొడితే ఏమొస్తుందే? ఎవరికో ఒకళ్ళకి ఫోన్ చెయ్యి" అంటూ బొడ్లోంచి తన బటన్ ఫోన్ తీసి నా ఒళ్ళో పడేసింది.

మాస్టారి నంబరు ఆరాధన చెప్పింది, నేను నొక్కాను. రింగు రావాలా? రాలేదు. "ఈ పాటను మీ కాలర్ ట్యూన్‌గా పెట్టుకోవడానికి..." అంటూ ఒకావిడ తగులుకుంది. "పెట్టుకోనే తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఇంక పో!" అన్నాను. ఆవిడ చెప్పాలనుకున్నదంతా చెప్పాకే పోయింది. చివరికి మాస్టారు ఎత్తారు.

"మాస్టారూ, నేను సంతోషకుమారిని. ఫోన్ మైకుకు ఆనించండి!"

"ఇప్పుడామ్మా? టైము నడుస్తోంది..."

"ఆనించండి అంటున్నానా!"

బడి పిల్లలను హడలెత్తించే మనిషి, మారు మాట్లాడకుండా ఆనించారు. నేను మంచం కోడు పట్టుకుని లేచి, ఊపిరంతా కూడదీసుకుని కేకేశాను. "ఒరేయ్ సమ్సోనూ! కుడితి పోశాన్రా! రారా నాయనా!"

అవతల నా గొంతే పెద్దగా మోగి నా చెవిలో పడింది. తర్వాత ఒక్కసారిగా హోరు. ఈలలు, చప్పట్లు. "కదిలింది! కదిలిందండీ!" అని మాస్టారు గొంతు చించుకుంటున్నారు. "గీత దాటింది... అదేంటి, ఆగట్లేదు... ఇటే వస్తోంది... జరగండి, జరగండి బాబూ, మైకు దగ్గర్నుంచి జరగండి!" ధడేల్మని చప్పుడైంది. ఇంకేం వినపడలేదు.

అప్పటికి టీవీలో రసం కుర్రాడు పోయి మైదానం తిరిగొచ్చింది. లైవ్ అంటారు గానీ, అక్కడ జరిగింది ఇక్కడికి రావడానికి చాలాసేపు పడుతుంది. అందులో సమ్సోను ఇంకా రాయిలా నిలబడే ఉన్నాడు. వసారాలో అందరూ ఉసూరుమన్నారు. సర్దార్‌బీ అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"కుమారీ..." మా ఆయన గొంతు.

"ఏమైందయ్యా? వాళ్ళకేం కాలేదుగా?"

"ఏం కాలేదు. బండతో సహా గీత దాటేసి మైకు పెట్టె దగ్గరికొచ్చాడే. మూతి పెట్టి దాని చుట్టూ వాసన చూస్తున్నాడు. నువ్వు అందులో ఉన్నావనుకుంటున్నాడు." ఆయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "గీత దాటాక లాగింది లెక్కలోకి రాదంటున్నారు. ప్రైజేం లేదు."

"మధ్యలో ఆగాడుగా మరి" అన్నాను. ఆగితే జతను ఇచ్చేస్తానన్న ఆయన మాట గుర్తొచ్చింది. "రాఘవ..."

"ఇక్కడే ఉన్నాడు. 'బావా, ఆ గొంతు కూడా కలిపిస్తేనే ఈ జతను కొంటా, లేకపోతే నాకొద్దు' అన్నాడు. వాడు కొంటానన్నా ఇంక నేనివ్వను. ఇంత బండ ఈడ్చుకుంటూ నీ కోసం వెతుక్కునేవాణ్ణి ఎవడికిచ్చేదే?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "మన జత మనింటికే వస్తోందర్రా!" అని అరిచాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని నన్ను చూస్తుండగా టీవీలోంచి నా కేకే వినిపించింది. సమ్సోను చెవులు నిక్కించి మెడ ఎత్తాడు. వసారా అంతా లేచి నిలబడింది. మళ్ళీ యాడ్ వచ్చింది. ఈసారి చెవిపోగులు. జనం బూతులు లంకించుకున్నారు. నేను మాత్రం పగలబడి నవ్వాను. మొదటిసారి ఆ పిల్ల చెవిపోగులు నాకు బాగానే కనిపించాయి.

"కుమారీ, ఉన్నావా?" అన్నాడు మా ఆయన. "వీడు పెట్టెను వదిలి కదలట్లేదు. నలుగురం లాగినా రావట్లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు."

ఈసారి అరవాల్సిన పని లేకపోయింది. "చాల్లేరా సమ్సోనూ" అన్నాను మెల్లగా, "నేనింట్లోనే ఉన్నాను. వచ్చెయ్."