తాతయ్య నేరాలు, నారింజ జామ్

నారింజ జామ్ చేయడం మా అమ్మమ్మకి వాళ్ల అమ్మ నేర్పింది, ఆవిడకి వాళ్ల అమ్మ. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ విద్య నీరుగారిపోయింది. ఆవిడ జామ్ రొట్టె మీద నిలబడదు, మోచేతి దాకా కారుతుంది. కాబట్టి ఇక దిక్కు నేనే.

తాతయ్య పోయాక అమ్మమ్మ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ నీళ్లే. ముందు పొయ్యిని అనుమానించింది, తర్వాత పండ్లని, చివరికి తనని. "ఈ ఒక్కసారి చూస్తానే. కుదరకపోతే ఇక జన్మలో చేయను, ఆ జామ్ గిన్నె పక్కింటావిడకి ఇచ్చేస్తా" అని ఫోన్‌లో చెప్పింది. ఆదివారం పొద్దున్నే పుస్తకం, వాచీ పట్టుకుని ఆవిడ వంటింట్లో వాలాను. నాది ల్యాబ్‌లో పని. నిమిషాల లెక్క తేలందే నాకు నిద్రపట్టదు.

"ఎంతసేపు కలపాలి?"

"అయ్యేదాకా."

"ఎప్పటికవుతుంది?"

"అయినప్పుడు. ఇంత చదువు చదివి అదేం ప్రశ్నే?"

తొక్కలు, రసం, పంచదార గిన్నెలో కుతకుతలాడాయి. అమ్మమ్మ నోరు మెదపకుండా కలిపి, పదకొండో నిమిషంలో పొయ్యి కట్టేయబోయింది. అప్పుడు తట్టింది నాకు. నా చిన్నప్పుడు ఈ వంటింట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. జామ్ చేసే రోజు తాతయ్య గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పెళ్లినాటి నుంచీ ఆయన చేసిన నేరాలన్నీ అమ్మమ్మ వరసగా ఏకరువు పెట్టేది. తిట్లు పూర్తయ్యేసరికి పాకం కుదిరేది. అమ్మమ్మ వాళ్ల అమ్మా మొగుణ్ణి తిడుతూనే కలిపేదట. మా నాన్నలో ఎంత వెతికినా రెండు నిమిషాలకి మించి తిట్టడానికి ఏమీ దొరకదు. పాపం అమ్మ!

"ఆగు అమ్మమ్మా. తాతయ్య గొడుగు ఎక్కడ పారేసుకున్నాడు?"

"ఏ గొడుగే? ఒకటా, రెండా!"

గరిటె మళ్లీ తిరిగింది. సెలూన్‌లో ఒకటి, బస్సులో ఒకటి. కుళాయి బాగుచేసే మనిషిని పిలుచుకురమ్మంటే అతనితో కలిసి సినిమాకి వెళ్లిన సంగతి. పెళ్లైన కొత్తలో, వాళ్లక్క చేసిన జామే బాగుందన్న మాట. అక్కడికి వచ్చేసరికి గిన్నె అదిరింది. ఇరవై ఆరో నిమిషంలో ఒక చుక్క పళ్లెంలో వేసి వంచి చూశాను. కదల్లేదు.

"కుదిరింది, కట్టెయ్!" అన్నాను.

ఆవిడ కట్టేయలేదు.

"ఇంకా ఉంది," అంది. "చెప్పా పెట్టకుండా వెళ్లిపోయాడు. పక్కనే పడుకున్నానే! లేపొచ్చుగా నన్ను?"

కళ్లు తుడుచుకోవడానికి కూడా గరిటె వదల్లేదు. నేను వెనకనుంచి ఆవిడని పట్టుకుని నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పి పొయ్యి కట్టేసేసరికి పాకం ముదిరి, కాస్త చేదెక్కింది.

అమ్మమ్మ చల్లారిన చుక్కని నాలిక మీద వేసుకుంది.

"ఎంతసేపైందే?"

"ముప్ఫై ఒక్క నిమిషాలు. ఐదు ఎక్కువైంది."

"ఎక్కువేం కాదు. ఇకనుంచి ఇంతే," అంది. "రాసుకో."