ఇటలీ తులసి

"ఏటే, తులసమ్మని కత్తిరించి కూరలో ఏసేస్తావేటే?" అంది మా అత్త మంగాయమ్మ. నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది.

అది తులసి కాదు, బేసిల్. వంటల్లో వేసుకునే ఆకు. సదర్ బజార్‌లో విత్తనాల పొట్లం కొని, మా రైల్వే క్వార్టర్‌కి రంగులేసినవాళ్ళు వదిలేసిన బకెట్లకి అడుగున చిల్లులు పెట్టి, పెరట్లో నేనే పెంచాను. పక్కన పుదీనా, కొత్తిమీర, వామాకు. క్వార్టర్ మా ఆయన పేరు మీద ఉంది, రైలు పాసు ఆయన పేరు మీద ఉంది, ఆస్పత్రి కార్డులో నేను ఆయన మీద ఆధారపడిన మనిషిని. ఆ ఐదు బకెట్లే నావి. ఇంటిపని అయ్యాక, పదకొండింటికి రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చి, టమాటా పరిచి, పైన నాలుగు బేసిల్ ఆకులు తుంచి వేసుకుని కూర్చుని తింటాను. అవును, కూర్చుని. రోజు మొత్తంలో నా కోసం నేను చేసుకునేది అదొక్కటే.

ఇదంతా అత్తకి చెప్పేలోపే మా ఆయన దిలీప్ పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఇటలీ తులసమ్మా అది!" అని నవ్వాడు. ఆయనకది జోకు. అత్తకది శాస్త్రం. "ఏ దేసంలో ఉంటే ఏటి, తులసి తులసే" అని మర్నాడే రెండు బేసిల్ బకెట్లూ తులసికోట పక్కన పెట్టించి, పసుపు పూసి బొట్లు పెట్టింది. మోయించింది ఎవరి చేత? నా చేతే.

ఆ రోజు నుంచి నా మొక్కకి నియమాలు మొదలయ్యాయి. మంగళవారం గిల్లకూడదు, శుక్రవారం గిల్లకూడదు, ద్వాదశి నాడు అసలే కూడదు, దీపాలు పెట్టాక దాని మీద చెయ్యి వెయ్యకూడదు. గిల్లకపోతే బేసిల్ తొందరగా పూతకొచ్చేస్తుంది, పూతకొస్తే ఆకు చేదెక్కుతుంది. ఆ పూత చూసి అత్త మురిసిపోయింది, నాకు ఒళ్ళు మండింది. "అవి వంటకి వేసిన మొక్కలని అమ్మకి మీరైనా చెప్పండి" అంటే, "అచ్ఛా అచ్ఛా, రెండాకుల కోసం గొడవెందుకు, కొత్తిమీర వేసుకో" అన్నాడు దిలీప్. సరే, అత్త నిద్రపోయాక దొంగతనంగా కోసుకున్నాను. నేను నీళ్ళు పోసి పెంచిన మొక్క దగ్గర నేనే దొంగని.

అక్కడితో అయిపోతే బాగుండేది. నెలలో ఆ నాలుగు రోజులూ నేను తులసికోట వైపు వెళ్ళకూడదు. ఇప్పుడు బేసిల్ వైపు కూడా వెళ్ళకూడదు. ఏప్రిల్‌లో మేముండే బిలాస్‌పూర్ ఎండ సంగతి తెలిసిందే, ఉదయం ఆరేసిన బట్ట పదికల్లా అప్పడం. నీళ్ళు పొయ్యమని అత్తని అడిగితే మోకాళ్ళు చూపించింది. ఆయన్ని అడిగితే, "డ్యూటీ దిగి వచ్చాను యార్, పడుకోనీ" అన్నాడు. ఐదో రోజు తలస్నానం చేసి వెళ్ళేసరికి రెండు బకెట్లలోనూ పుల్లలు మిగిలాయి.

"నీ నీడ పడుంటాది. సూసుకోవాల కదేటి" అంది అత్త.

నీడట! చెంబుడు నీళ్ళు పోసేవాళ్ళు లేక చచ్చిన మొక్కకి నా నీడ కారణమట.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో ఆ నాలుగు రోజులూ నాకు వంటింట్లోకి కూడా ప్రవేశం లేదు, అత్తే వండేది. ఆరేళ్ళ కిందట ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. దిలీప్ గూడ్స్ బండి నడుపుతాడు. ఫోను వచ్చిందంటే రెండు గంటల్లో వెళ్ళి డ్యూటీ సంతకం పెట్టాలి. ఆలోపు అన్నం డబ్బా సిద్ధంగా ఉండాలి. "డూటీకెల్లే మగోడు ఆకలితో ఎల్తాడేటి? రైల్వే ఇంట్లో అయ్యన్నీ సెల్లవు" అని అత్త ఒక్క పూటలో ఆచారం ఎత్తేసింది. ఎవరికీ ఏ పాపమూ తగల్లేదు. అంటే నా మైల వాళ్ళ అన్నానికి అంటదు, నా మొక్కకి మాత్రం అంటుతుంది. ఆరేళ్ళుగా ఆ మాట నాకెందుకు తట్టలేదో అని నా మీద నాకే విసుగొచ్చింది.

మళ్ళీ విత్తనం వేశాను. మే నెలాఖరుకి మొక్కలు జానెడెత్తు అయ్యాయి. అత్త మళ్ళీ కోట పక్కన పెట్టించి బొట్లు పెట్టింది.

ఇవాళ రెండో రోజు. ఎనిమిదింటికి దిలీప్‌కి ఫోను వచ్చింది. అన్నం వండి, బీరకాయ కూర చేసి, డబ్బా సర్దుతూ కిటికీలోంచి చూశాను. రెండు మొక్కలూ తలలు వాల్చేశాయి. పొయ్యి కట్టేసి, పెరట్లోకి వెళ్ళి, రెండు బకెట్లూ ఎత్తుకొచ్చి వంటగట్టు మీద కిటికీ పక్కన పెట్టాను. నీళ్ళు పోశాను. తడిగుడ్డతో బొట్లు తుడిచేశాను.

"ఏటే ఇది! ఇయేల నువ్వు..." అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అవునత్తా, రెండో రోజు."

దిలీప్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఏంటి లతా ఈ తమాషా? బయట పెట్టెయ్. అమ్మ బాధపడుతోంది."

సర్దిన డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. "ఇది కూడా నేను ముట్టుకున్నదే. బియ్యం కడిగింది ఈ చెయ్యి, కూర తరిగింది ఈ చెయ్యి. మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చండి. మొక్కలు వంటింట్లోంచి బయటికెళ్తే, నెలనెలా ఆ నాలుగు రోజులూ నేనూ వంటింట్లోంచి బయటికే."

 

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు గడియారం వైపు చూశాడు. డబ్బాకి మూత పెట్టుకుని, సంచీలో వేసుకుని బయల్దేరాడు. "జాగర్తగా ఎల్లు" అని ఆవిడ అన్నది కొడుకుతోనే అయినా, చూపు మాత్రం బకెట్ల మీదే ఉంది. వాటిని తియ్యమని అనలేదు.

పదకొండింటికి బ్రెడ్డు కాల్చాను. శుక్రవారమని గుర్తుంది. రెండో రోజనీ గుర్తుంది. నాలుగాకులకి బదులు ఎనిమిది తుంచుకుని, అత్త ఎదురుగానే కూర్చుని తిన్నాను.