మంట తగ్గిన పాదాలు

పోయిన చలికాలంలో బాపు అరికాళ్ల మంట పోయింది.

అంతకుముందు చాలా కాలం, సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఆయన బకెట్ నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చునేవాడు. కారం పూసినట్టుందనేవాడు. షుగర్ ఉన్న సంగతి తెలుసు. గోళీలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. అమ్మ కొబ్బరినూనె, గోరింటాకు, ఎవరేది చెబితే అది రాసింది. చివరికి, మంట తగ్గితే చెప్పుల్లేకుండా నడిపించుకొస్తానని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది.

"కాళ్లు సల్లగున్నయే," అన్నాడు బాపు ఒక పొద్దున. "మంట లేదు, గింట లేదు."

అమ్మ అప్పటికప్పుడు పటం ముందు దీపం ముట్టించింది.

చైత్ర పున్నమి నాడు కోరుట్ల నుంచి మా మేనమామ హరిప్రసాద్ కూడా వచ్చాడు. జగిత్యాలలో కలుసుకుని, చెప్పులు సంచిలో పెట్టుకుని నలుగురం నడక మొదలుపెట్టాం. పొద్దెక్కేసరికి తారు మెత్తబడింది. రోడ్డు అంచున వేసిన తెల్లగీత తారంత కాలదు. అందుకని జనమంతా దాని మీదే ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. ఎవరైనా తడిపి పరిచిన గోనెసంచి కనిపిస్తే కదలకుండా నిలబడిపోతున్నారు. బాపు ఒక్కడే నల్లటి తారు మీద, బజారుకు పోతున్నట్టు పోతున్నాడు.

"బావా, గట్ల ఉరుకుతవేంది?" అన్నాడు మామ. "మా కాళ్లు కాలి సస్తున్నం."

"బండి మీద తిరిగే కాళ్లురా మీయి. నాయి మగ్గాల నడుమ తిరిగిన కాళ్లు."

"గందుకేనా, మొన్న మా ఇంటికి ఒక్క చెప్పుతోని అచ్చినవ్? రెండోది ఏడ ఊడిందో సోయి లేకపాయె."

"కొత్త చెప్పురా. లూజున్నది."

అందరం నవ్వాం. "నా మొగనికి దిష్టి పెట్టకు తమ్మీ," అంది అమ్మ. తను తెల్లగీత మీద ఎగిరెగిరి అడుగులు వేస్తూనే, ముందు పోతున్న బాపును అందరికీ చూపించింది. మంటతో నిద్రపోని మనిషి చూడండి ఎట్లా నడుస్తున్నాడో అని దారిలో కలిసినవాళ్లకు చెప్పుకుంది.

కొండ మీద గుడి చుట్టూ తిరుగుతున్నాం. రెండోసారి తిరిగేటప్పుడు బండల మీద ఎర్రటి తడి అడుగులు కనిపించాయి. బాపు వాటిని తొక్కకుండా పక్కకు జరిగాడు.

"ఎవలికో కాలు పగిలినట్టున్నది పాపం," అన్నాడు.

ఆయన జరిగిన చోట అలాంటి అడుగే ఇంకొకటి పడింది.

అమ్మ ఆయన చేయి పట్టి కూర్చోబెట్టి పాదం ఎత్తి చూసింది. అరికాలి తోలు పొక్కి, చిట్లి, పక్కకు జరిగిపోయి ఉంది.

"నొస్తలేదా?"

"లేదే. ఏమైంది?" అని తన కాలు తనే వంగి చూసుకున్నాడు.

అటు నుంచి అటే ఆటోలో జగిత్యాలకు తీసుకొచ్చాం. ఆసుపత్రిలో డాక్టర్ హేమలత పుండ్లు కడిగాక ఒక సన్నటి నైలాన్ దారం తీసింది. కళ్లు మూసుకోమని, తాకినప్పుడల్లా చెప్పమంది. బొటనవేలి కింద, వేళ్ల మొదట్లో, మడమ అంచున, ఎక్కడ తోలు బాగుంటే అక్కడ దారం వంగేదాకా ఆనించింది. బాపు కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

కాసేపటికి, "ఇంకా షురూ చెయ్యలేదా మేడం?" అన్నాడు.

అమ్మ వంగిన దారం వైపే చూస్తోంది.

"ఒంట్లో అన్నిటికన్న పొడుగు నరాలు నడుము నుంచి కాలివేళ్ల దాక పోయేటియే," అంది డాక్టర్. "షుగర్ ఎక్కువైతె ముందుగాల వాటి కొసలే చెడుతయి. చెడేటప్పుడు మంట లేస్తది. మొత్తం చెడినంక మంటా ఉండదు, ఏదీ ఉండదు."

"మరి అంత దూరం నడిచిండు గద?" అన్నాడు మామ.

"నడిపిచ్చే నరాలు వేరే. నడువుమని మెదడు చెప్తె కాళ్లు ఇన్నయి. కాలుతున్నదని కాళ్లు చెప్పేది మాత్రం మెదడు దాక పోలే."

వేడి తగిలితే వెన్నుపామే ముందు కాలు వెనక్కి లాగుతుందని, మెదడుకు ఆ తర్వాతే తెలుస్తుందని బడిలో చదువుకున్నాం. దారి పొడవునా మా కాళ్లను ఎగిరించింది అదే. బాపు వెన్నుపాము దాకా కూడా కబురు పోలేదు.

"మంట పోయిందంటె నయమైందనుకున్న," అంది అమ్మ మెల్లగా.

"శానమంది గట్లనే అనుకుంటరమ్మా," అంది డాక్టర్. తిట్టి ఉంటే అమ్మకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఎడమ పాదం మానింది. కుడిది మానలేదు. చీము ఎముకకు పట్టింది. వానలు మొదలయ్యేలోపే ఆ పాదం తీసేశారు. బాపు మళ్లీ మగ్గాల దగ్గరికి పోలేదు.

"నా మొక్కే నీ కాలు తిన్నది," అంది అమ్మ ఒకనాడు.

"నడిచింది నేను. నన్ను సంకల ఎత్తుకపోయినవా?" అన్నాడు బాపు.

ఆమె నవ్వుతుందని చూశాడు. నవ్వలేదు.

మిగిలిన పాదాన్ని అమ్మ రోజూ పొద్దున వాకిట్లో వెలుతురుకు పట్టి చూస్తుంది. వేళ్ల సందులు, గోళ్ల అంచులు, మడమ పగుళ్లు, ఏదీ వదలదు. నిన్న మడమలో సన్నటి ముల్లు కనిపించింది. కొస బయటికే ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో బాపుకు తెలియదు.

"నొస్తె చెప్పు," అంది అమ్మ, అలవాటుగా.

బాపు కాలి వంక చూడలేదు. ఆమె ముఖం వంకే చూస్తున్నాడు.

"మెల్లగనే. నొస్తున్నది," అన్నాడు.

అమ్మ వేళ్లు ఇంకా ముల్లును తాకలేదు. గాలిలోనే కాసేపు ఆగిపోయాయి. ఆమె తల ఎత్తలేదు. ఇంకా కిందికి వంగి, "అయిపాయె, అయిపాయె," అంటూ ముల్లు తీసింది.