కడగని గ్లాసు

తెల్లారగానే రాజేశం పొయ్యి వెలిగిస్తాడు, బెంచీలు తుడుస్తాడు, వెనక గదిలో అటక మీది గ్లాసులు తాకి చూస్తాడు. చల్లారినవి కడుగుతాడు. వెచ్చగా ఉన్నవాటి జోలికి పోడు.

సౌదీలో, ఖమీస్ ముషైత్ నుంచి నజ్రాన్ పోయే పాత దారిలో కోటంత ఉంటుంది ఆ ఛాయ్‌ఖానా. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, ఆ కొండల్లోకి లారీలు కొత్తగా వచ్చిన రోజుల్లో, యజమాని అబ్దుల్ ఖాదర్ తాత కట్టించాడు. ఒక వాకిలి ఒంటెలకి, ఒకటి లారీలకి. అక్కడ తాగి బయల్దేరిన మనిషి ఇల్లు చేరేదాకా గ్లాసు చల్లారదు, చల్లారేదాకా కడగరు. ఎన్నడూ ఇల్లు చేరని హాజీలవి, సిపాయిలవి, దొంగసరుకు మోసినవాళ్ళవి తాత కాలం నుంచీ వెచ్చగానే ఉన్నాయి. చలికాలం పిల్లులు వాటిని ఆనుకుని పడుకుంటాయి.

వాటి మధ్య సగం ఛాయ్‌తో చెంచులక్ష్మి గ్లాసు. కడప వైపు మనిషి. పనిచేసే ఇంట్లో దెబ్బలు ఓర్చుకోలేక పారిపోయి వచ్చింది.

"అన్నా, సాయంత్రం దంకా ఆ గోతాల ఎనక కూచుంటా. నువ్వు నన్ను సూళ్ళేదనుకో, సాలు."

"కూసో చెల్లే, ఛాయ్ తాగు" అన్నాడు రాజేశం. చెల్లే అన్న నోటితోనే, బయటికెళ్ళి ఆమె కఫీల్‌కి, ఆమెని వీసా మీద తెచ్చుకున్న ఆ ఇంటి యజమానికి, ఫోన్ చేశాడు. పారిపోయినవాళ్ళని దాస్తే ఆ దేశంలో ఉండనిచ్చే తన ఇఖామా కార్డు పోతుందని భయం. పిరికితనానికి కారణాలెప్పుడూ నిక్షేపంగా దొరుకుతాయి. వచ్చిన కఫీల్ కారెక్కేటప్పుడు ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఏడాది దాటాక రాజేశానికి ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా వచ్చింది. ఆనవాయితీ ప్రకారం వీడ్కోలు ఛాయ్ తాగి గ్లాసు అటక మీద పెట్టాడు. పక్కనే ఆమెది. పోయేముందు దాని పీడ వదిలించుకుందామని, వెచ్చగా ఉన్నదాన్నే తీసి కడిగాడు. పారబోసిన ఛాయ్ మళ్ళీ సగానికి వచ్చి నిలిచింది, పొగలు కక్కుతూ. మళ్ళీ కడిగాడు. మళ్ళీ వచ్చింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అబ్దుల్ ఖాదర్ హిందీలో మెల్లగా అన్నాడు, "ఫోన్ చేసింది గ్లాసు కాదు కదా, రాజేశం."

ఎయిర్‌పోర్టుకి పోవాల్సిన టాక్సీని రాజేశం ఊళ్ళోకి మళ్ళించాడు. ఆ రోజు మనవాళ్ళ ఫిర్యాదులు వినడానికి ఇండియా కాన్సులేట్ వాళ్ళు అక్కడికి వచ్చి ఉన్నారు. ఆమె ఏ ఇంట్లో ఉందో చెప్పాడు. ఎవరూ అడక్కపోయినా ఇంకోమాటా చెప్పాడు: "పట్టిచ్చింది నేనే సార్. రాసుకోండ్రి."

వాళ్ళు ఆమెని బయటికి తెచ్చారు. కఫీల్ ఊరుకుంటాడా? తన పనిమనిషిని దాచాడని రాజేశం మీద కేసు పెట్టాడు. ఎగ్జిట్ ఆగిపోయి, రాజేశం తిరిగి ఛాయ్‌ఖానాకే వచ్చాడు. దాచలేదని చెప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం చెంచులక్ష్మి గ్లాసు అతని అరచేతిలో మెల్లగా చల్లబడింది.  తర్వాత కడిగి, బోర్లించి, వాకిట్లో ఆగిన లారీవాడికి ఛాయ్ పొయ్యడానికి వెళ్ళాడు.

అటక మీద, రాజేశం గ్లాసుని ఆనుకుని ఒక పిల్లి పడుకుని ఉంది.