కత్తిరించిన మూల

బడి గంట మోగక అది మూడో రోజు. కరెంటు గంటలో ఏదో తెగింది. అటెండర్ ఒక ఇనుప ముక్కను కడ్డీతో బాదుతూ పీరియడ్లు నడిపిస్తున్నాడు. బాదేది సరిగ్గా నా గది కిటికీ పక్కనే. నా గది అంటే నా ఒక్కదానిదే అనుకునేరు. తలుపు మీద ‘మార్గదర్శక కేంద్రం’ అని బోర్డు ఉంటుంది, లోపల గాలి పోయిన ఫుట్‌బాళ్లు, కాలు విరిగిన బల్లలు, పిల్లలు మరచిపోయిన గొడుగులు ఉంటాయి. వాటి మధ్య కుర్చీ వేసుకుని నూట నలభై మంది పదో తరగతి పిల్లలకు బతుకుదారి చూపించేది నేనే.

“ఆ స్క్రూడ్రైవర్ పిల్లను పిలవకపోయావా?” అన్నాను విసుగ్గా. బడిలో ఆగిన ఫ్యాన్లన్నీ తిప్పేది ఆ అమ్మాయే కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

“పిలిచాను మేడమ్. ముట్టుకోనంటోంది. మెషీన్ల పని తనకి సరిపడదని మీ పరీక్షలో తేలిందంట.”

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. ఎవరికి ఏ పని సరిపడుతుందో తేల్చే పరీక్ష ఫలితం చీటీ చేతికివ్వగానే ఆ పిల్ల, “నాకు మెషీన్లంటేనే కదా టీచర్ ఇష్టం, మరి ఇలా ఎందుకొచ్చింది?” అని అడిగింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, “మనసు వంద చెబుతుందమ్మా, కాగితం అబద్ధం చెప్పదు. నీకు ఆఫీసు పనే నయం,” అన్నాను. పిల్ల చీటీ మడుచుకుని వెళ్లిపోయింది.

ఎందుకో మనసొప్పక ఆమె జవాబు కాగితం తీశాను. మా పరీక్షలో పెద్ద శాస్త్రమేమీ లేదు. ప్రతి ప్రశ్నకూ ఎడమవైపు ‘ఇష్టం’, కుడివైపు ‘ఇష్టం లేదు’ అని రెండు గళ్లుంటాయి. కాగితం మీద రంధ్రాల అట్ట పెట్టి, రంధ్రంలో కనిపించిన ప్రతి టిక్కు పక్కనా ఎర్ర చుక్క పెట్టి లెక్కేయాలి. అట్టకు ఒక మూల కత్తిరించి ఉంటుంది. ఆ మూల పైన కుడివైపుకు వస్తే రంధ్రాలు ‘ఇష్టం’ గళ్ల మీద పడతాయి, అంతే.

మెషీన్ల భాగంలో నేను పెట్టిన చుక్కలు రెండే రెండు. రెండూ కుడివైపు గళ్లలోనే ఉన్నాయి. అట్టను తలకిందులుగా పెట్టి, పిల్లకు ఇష్టం లేనివాటిని ఇష్టాలుగా లెక్కేశాను. ఆ పూట ఆటల మాస్టారు బంతుల కోసం మూడుసార్లు వచ్చాడు. లేచిన ప్రతిసారీ అట్ట పక్కన పెట్టి మళ్లీ తీశాను. వెనకాముందూ ఉన్న పదేసి కాగితాలు వెతికాను, అవి సరిగ్గానే ఉన్నాయి. ఈ ఒక్క పిల్ల నోట్లోనే మట్టి కొట్టాను.

పాలిటెక్నిక్ దరఖాస్తులకు గడువు ఆ సాయంత్రం ఐదుకు. మా చీటీ, దాని మీద హెడ్మాస్టరు ముద్ర లేకపోతే తీసుకోరు. కొత్త చీటీ రాసుకుని ఆయన గదికి పరుగెత్తాను.

“ఫలితాల జాబితా పై ఆఫీసుకు వెళ్లిపోయిందమ్మా,” అన్నాడాయన. “ఇప్పుడు తప్పని రాసిస్తే రేపు నూట నలభై మంది తల్లిదండ్రులూ నా గుమ్మంలో కూర్చుంటారు. సోమవారం చూద్దాం.”

“గడువు ఈ రోజే సార్.”

“అయినా ఆఫీసు పనికేం? ఫ్యాను కింద కూర్చుని చేసుకునే ఉద్యోగం.”

“ఈ ఫ్యాను తిప్పింది ఆ పిల్లే సార్.”

ఆయన తలెత్తి పైకి చూశాడు. ఒళ్లు మండిపోతున్నా కొత్త చీటీని ఆయన ముందుకు జరిపాను. ఆయన నా చేత తప్పు నాదేనని మూడు వాక్యాలు రాయించుకుని, సంతకం చేయించుకుని, దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాకగానీ చీటీ మీద ముద్ర పడలేదు. అప్పటికి నాలుగున్నర.

వాళ్ల ఇల్లు బడి వెనక సందులోనే. తల్లి దర్జీ. ముందు గదిలో కూర్చుని చేత్తో ఏదో కుడుతోంది. పిల్ల టైపింగ్ పుస్తకం ముందేసుకుని ఉంది. జవాబు కాగితం, అట్ట పిల్ల చేతికిచ్చి జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె అట్టను కత్తిరించిన మూల చూసి సరిగ్గా పెట్టి, తనే లెక్కపెట్టుకుంది. ఇరవైకి పద్దెనిమిది.

“ఆ రోజే అడిగాను కదా టీచర్.”

“అడిగావు. నేనే వినలేదు.”

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో అలాంటిదేమీ లేదు. “ఇప్పుడిది మాత్రం నిజమని నమ్మకమేంటి?” అంది. నేను పాలిటెక్నిక్ ఫారం తీసి ఆమె ముందు పెట్టాను. తల్లి, “టైమవుతోంది, ముందు సంతకం పెట్టు నాన్నా,” అంది.

ఐదుకు పది నిమిషాలుండగా ఫారం పక్క వీధిలోని పాలిటెక్నిక్ ఆఫీసు కిటికీ లోపలికి వెళ్లింది, రసీదు బయటికి వచ్చింది. నా సంచీ వాళ్లింట్లో మరచిపోవడంతో మళ్లీ ఆమె వెంట వెనక్కి నడిచాను. దారిలో నలుగురి పేర్లు పెట్టి తిట్టుకున్నాను, ఆటల మాస్టారుతో మొదలుపెట్టి. ఎటు తిప్పినా చివరికి ఆ రోజు అట్ట ఉన్నది నా చేతిలోనే.

ఇంట్లోకి రాగానే ఆ పిల్ల మూలకు వెళ్లి కుట్టుమిషను మీది గుడ్డ తీసింది. అప్పటిదాకా గుడ్డ కింద మిషనుందని నేను గమనించనే లేదు.

“కుట్లు తప్పుతున్నాయి,” అంది తల్లి. “మెకానిక్ ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటున్నాడు. ఇదేమో ముట్టుకుంటే ఇంకా పాడుచేస్తానంటూ దగ్గరికే రాలేదు.”

పిల్ల చక్రం నెమ్మదిగా తిప్పి చూసింది. సూది కడ్డీ మరను వదులు చేసి, కడ్డీని వెంట్రుకవాసి పైకి జరిపి, మళ్లీ బిగించింది. పాత గుడ్డ ముక్క పెట్టి కుట్టింది. ఒక్క కుట్టూ తప్పలేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను సంచీ అందుకోబోతే తల్లి తీసిచ్చింది. ఆమె వేళ్ల చివర్లన్నీ సూది పోట్లే.

“రెండు వారాలు అమ్మ చేత్తోనే కుట్టింది టీచర్,” అంది పిల్ల, నా వైపు చూడకుండా.