ఒకరు విడిచి ఒకరు

నేను ఒక ఇటరేటర్‌ని. జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన పది వరుసల ప్రాణిని. జాబితాలోంచి ఒక్కొక్కరి పేరే బయటికి తీసి ఇవ్వడం నా ఉద్యోగం. నన్ను అడిగేవి రెండే మాటలు: "ఇంకా ఉన్నారా?", "అయితే తర్వాతివాళ్లని ఇవ్వు."

కాకినాడలో సువర్చల అనే అమ్మాయి ఒక డయాలసిస్ కేంద్రం కోసం నన్ను రాసింది. మా నాన్న పాతకాలపు ఇటరేటర్. వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఆయనకి ఒకటే, అందరి పేర్లూ చదివేస్తాడు. ఆయన నడకను నాకు వారసత్వంగా ఇచ్చి, ఆ రోజు వచ్చినవాళ్లనే ఏరే తెలివిని సువర్చల అదనంగా పెట్టింది. తండ్రిని మించిన కొడుకునని నాకు కాస్త పొగరెక్కింది లెండి. "ఇంకా ఉన్నారా?" అనగానే నాన్నని ముందుకు నడిపించి, వచ్చిన మనిషి పేరు దొరకబుచ్చుకుని "ఉన్నారు" అనేవాణ్ణి. ఒక్కసారే అడిగినంతకాలం ఏ గొడవా లేదు.

తర్వాత సువర్చల పక్క సీటు మస్తాన్ ఇంకా ఎవరైనా ఉన్నారో లేదో చూపే గోడమీది బోర్డు కోసం, నా చేతిలోని పేరు తీసుకోకముందే అదే ప్రశ్నను రెండోసారి అడిగే వరుస ఒకటి చేర్చాడు. అడిగితే పోయేదేముంది అనుకున్నాడు పాపం. పోయింది! అడిగిన ప్రతిసారీ నేను ఒక అడుగు వేసి, చేతిలో ఉన్న పేరును జారవిడిచాను.

ఆ మంగళవారం ఎనిమిది మంది వస్తే నలుగురినే పిలిచాను. జాబితాలో మొదటిది అప్పాయమ్మ. ఉప్పాడ నుంచి తొలి బస్సుకే వచ్చింది, కాళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నన్నింకా పిలవలేదేంటమ్మా? ఆయాసం వచ్చేత్తంది."

నర్సు రూతమ్మ తెర చూసింది. "లిస్టు అయిపోయింది మామ్మా. నీ పేరు రాలేదు."

"రాకపోడమేంటి? నీ ఎదురుగానే కూకున్నాను కదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. చెబుదామంటే, అడగనిదే నోరు విప్పే అధికారం నాకు లేదు. రూతమ్మ ఆ కాళ్లు చూసి, "కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు నువ్వు పద" అని మంచమెక్కించింది. మిగిలిన ముగ్గురినీ పేరుపేరునా పిలిచి, ఆ తర్వాతే సువర్చలకి ఫోన్ చేసింది.

సువర్చల వచ్చి నన్ను తిట్టలేదు, తన తలే కొట్టుకుంది. "నడక రాశాను, ఆగడం రాయలేదు" అంది. ఇప్పుడు వందసార్లు అడిగినా, దొరికిన పేరును ఇచ్చేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడతాను.

గురువారం మొదట అప్పాయమ్మనే పిలిచాను. లేచింది, రెండడుగులు వేసి ఆగింది.

"ఇంకా ఎవరన్నా ఉండిపోయారేమో సూడమ్మా."

నేను రోజూ వినే ప్రశ్నే అది. ఆమె మాత్రం కుర్చీల వైపు తిరిగి, ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ అడిగింది.